ఎడమకాలి చెప్పు

“బాబూ, ఆ రైలు తప్పిపోయింది నీకు కాదు. నాకు.”

ప్రిన్సిపాల్‌గారు మెల్లగానే అన్నారు. అయినా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న లిఫ్టు మెకానిక్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

బైబిలు కాలేజీలో చేరి పాస్టరు కావాలనుకునే ప్రతివాడూ ముందు ఈ గదిలో కూర్చుని, దేవుడు తనను సేవకు ఎలా పిలిచాడో సాక్ష్యం చెప్పాలి. అది మనసుకు పడితేనే సీటు. మెకానిక్ చక్కగానే చెప్పాడు. స్టేషనుకు పరుగెత్తుతుంటే ఎడమకాలి చెప్పు తెగిందట. వంగి చూసుకునేలోగా రైలు కదిలిపోయిందట. ఖాళీ ప్లాట్‌ఫారం మీద చూపులేని ముసలాయన ఒకాయన చెయ్యి పట్టుకుని, “నన్ను అవతలికి దాటించు నాయనా” అన్నాడట. ఆ మాటే దేవుడి పిలుపై చెవిలో పడిందట.

ప్రిన్సిపాల్‌గారు ఎక్కిన ప్రతి వేదిక మీదా చెబుతూ వస్తున్న సాక్ష్యం అది. ముసలాయన గొంతులో వణుకుతో సహా దిగిపోయింది.

“ఎక్కడ విన్నావు?”

“యువజన కూటాల్లో అండీ. ఆ తర్వాత ఫోనులో ఎన్నిసార్లు విన్నానో.”

“విని, తెచ్చి నాకే అప్పజెబుతున్నావా?”

“ఇవాళ వేరే అయ్యగారు కూర్చుంటారని చెప్పారండీ” అన్నాడు మెకానిక్ తల వంచుకుని.

“కనీసం కుడికాలి చెప్పయినా తెంపుకోలేకపోయావా!”

కిటికీ పక్క పడక్కుర్చీలోంచి కిసుక్కున నవ్వినట్టయింది. ప్రిన్సిపాల్‌గారు అటు చూశారు. పెద్దయ్యగారి కళ్ళు మూసుకునే ఉన్నాయి. రిటైరైన గురువుగారాయన. కాలేజీవాళ్ళు మర్యాద కోసం ఇంటర్వ్యూలకు పిలుస్తారు, ఆయన మర్యాద కోసం వచ్చి కునుకు తీస్తారు.

“తప్పయిందండీ. నాకు చెప్పుకోడానికి ఏమీ లేదు. కల రాలేదు, జబ్బు చేసి బతికిందీ లేదు. ఉత్త చేతులతో ఎలా రావడమని...”

“అందుకని దేవుడి ఇంటికి దొంగసొత్తు పట్టుకొస్తావా? లే. వెళ్ళి ఆ లిఫ్టులే చూసుకో.”

మెకానిక్ లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. గోళ్ళలో గ్రీజు మాత్రం ఎంత రుద్దినా పోయినట్టు లేదు.

“ఉండు బాబూ” అన్నారు పెద్దయ్యగారు, కళ్ళు తెరవకుండానే. “ఆ లిఫ్టుల దగ్గర నీ పనేమిటి?”

“మధ్యలో ఆగిపోతే వెళ్తామండీ. మా వాడు పైకెక్కి బ్రేకు వదులుతూ మెల్లిగా దించుతాడు. నేను తలుపు దగ్గర నిలబడి లోపలున్నవాళ్ళతో మాట్లాడుతుంటాను. లేకపోతే కంగారుపడి చేతులు పగిలేలా బాదుతారు.”

“ఏం మాట్లాడతావు?”

“నేను మాట్లాడేది తక్కువేనండీ. వాళ్ళే చెబుతారు. మొన్న ఒక మామ్మగారు ఇరుక్కుపోయారు. మొదట్లో ఒకటే ఏడుపు. ‘మామ్మగారూ, నేనిక్కడే ఉన్నా, ఎక్కడికీ పోను’ అన్నాను. ఇక కోడలి మీద మొదలుపెట్టారు చూడండి! తలుపు తెరుచుకోగానే ‘అయ్యో, అప్పుడే కిందికి వచ్చేసిందా’ అన్నారు.”

పెద్దయ్యగారు కళ్ళు తెరిచారు. నవ్వకూడదని ప్రిన్సిపాల్‌గారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

“బాగు చేయడం కంటే ఆ నిలబడ్డమే నాకిష్టమండీ” అన్నాడు మెకానిక్. “పని అయిపోయాక కూడా వాళ్ళ మాటలు నన్ను వదలవు. ఎలా ఉన్నారో అని మళ్ళీ వెళ్ళి చూసొస్తుంటాను. దీన్ని పిలుపంటారో లేదో తెలియకే మీది అరువు తెచ్చుకున్నాను.”

“కాసేపు బయట కూర్చో బాబూ” అన్నారు పెద్దయ్యగారు.

తలుపు మూసుకుంది. ప్రిన్సిపాల్‌గారు గ్లాసు కింద పెట్టారు. “మనిషి మంచివాడే అయ్యగారూ, కాదనను. కానీ మొదటి అడుగే అబద్ధం మీద వేసినవాణ్ణి రేపు ప్రసంగం చెప్పడానికి పల్పిట్ ఎలా ఎక్కించమంటారు?”

“అదీ నిజమే. ఇంతకీ నీకు తెగింది ఏ కాలి చెప్పు నాయనా?”

“ఎడమకాలిదండీ.”

“నేను మీ క్లాసులో చెప్పినప్పుడు కుడికాలు.”

ప్రిన్సిపాల్‌గారు జేబులో రుమాలు కోసం తడుముకున్నారు. ఆ పూట వెనక బెంచీలో కూర్చుని ఊపిరి బిగబట్టి విన్న కుర్రాడు తనే. ఆ తర్వాత ఎన్నో వేదికలు. చెప్పగా చెప్పగా, ఆ చెప్పు నిజంగానే తన కాలిదైపోయింది.

“అయ్యగారూ... మీరు ముందు వరసలోనే కూర్చుని వినేవారు. ఒక్కనాడూ అడగలేదేమండీ?”

“ముసలాయన గొంతులో వణుకు నువ్వు కలిపిందే. అది నాకు బాగా నచ్చింది.” పెద్దయ్యగారు చేతికర్ర కోసం వెతుక్కుంటూ అన్నారు. “మన ముగ్గురిలోనూ సొంత సాక్ష్యం ఉన్న ఒక్కణ్ణీ బయట కూర్చోబెట్టాం. ముందు పిలు.”

ప్రిన్సిపాల్‌గారు తనే లేచి వెళ్ళి తలుపు తీశారు. “రా బాబూ. సోమవారం నుంచి క్లాసులు. ఆ మామ్మగారి సంగతి మాత్రం ఎక్కడ చెప్పినా ఉన్నదున్నట్టు చెప్పు, చాలు.”

మెకానిక్ రెండు చేతులూ జోడించి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ప్రిన్సిపాల్‌గారికి అప్పుడు తట్టింది. గిరుక్కున వెనక్కి తిరిగారు.

“ముగ్గురిలో ఒక్కడే అంటారేమిటండీ? ఆ రైలు మీదే కదా?”

పెద్దయ్యగారు కర్ర ఊతంగా లేచి, నింపాదిగా చెప్పులు తొడుక్కున్నారు.

“ఏం రైలు నాయనా? అప్పటికి మా ఊరికి పట్టాలే పడలేదు.”