బల్ల పంపకం

“గీత సరిగ్గా మధ్యకి గియ్యి. వేలెడు అటూ ఇటూ అయినా ఊరుకునేది లేదు,” అన్నాడు వడ్రంగితో అతని అన్న.

వడ్రంగి చెవి వెనక పెన్సిలు తియ్యలేదు. చర్చిలో వేదిక ముందున్న బల్లనే చూస్తూ నిలబడ్డాడు. రొట్టె, ద్రాక్షరసం పెట్టుకుని సంఘమంతా కలిసి పాలుపంచుకునే బల్ల అది. పైభాగమంతా ఒకే చెక్క, ఎక్కడా అతుకు లేదు. అరచెయ్యి ఆనిస్తే చల్లగా, నున్నగా తగిలింది.

సంఘం రెండు వర్గాలుగా చీలిపోయింది, మిగతావన్నీ పొద్దుటి నుంచీ పంచుకున్నారు. బెంచీలు చెరి సగం. ఫ్యాన్లు చెరి మూడు. మైకు ఒక వర్గానికి పోయింది, స్పీకరు ఇంకో వర్గానికి పోయింది. ఇక ఎవరి ప్రార్థన ఎవరికి వినబడుతుందో ఆ దేవుడికే తెలియాలి. బల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇరువైపులా మొండికేశారు. మాకంటే మాకని గంటసేపు అరుచుకుని, చివరికి కోయించేద్దామన్నారు. ఆ మాట అన్నది ఒక వర్గానికి పెద్ద అయిన వడ్రంగి అన్న. రంపం పట్టుకురమ్మని కబురు చేసింది రెండో వర్గానికి నోరైన వడ్రంగి భార్య. నాలుగు నెలల్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

“ఇంకోసారి ఆలోచించుకోండి అన్నా. గిన్నె గొడవకి బల్లని కోస్తామా?”

“గిన్నె గొడవా? అందరం ఒకే గిన్నెలోంచి తాగితేనే అందరం ఒకటి. ఆ మాట నీ పెళ్ళానికి చెప్పు.”

భార్య రెండడుగుల దూరంలోనే ఉంది. అయినా బావగారి వైపు చూడకుండా మొగుడి వైపే తిరిగింది. “ఎవరి గ్లాసు వాళ్ళకుంటే తప్పేంటో మీ అన్నగారినే అడగండి. రోగాలొచ్చినవాళ్ళ ఎంగిలి మా పిల్లల చేత తాగించలేం.”

“ఎంగిలట! విన్నావా?”

“విన్నాను,” అన్నాడు వడ్రంగి నీరసంగా. “సరే, కోస్తాననుకోండి. చెరి రెండు కాళ్ళే వస్తాయి. సగం బల్ల నిలబడదు.”

“మేం గోడకి చేరేస్తాం,” అన్నాడు అన్న.

“మేం ఇటుకలు పెట్టుకుంటాం,” అంది భార్య.

వడ్రంగికి ఒళ్ళు మండింది. “ఈ వీధిలో ఇప్పటికే అయిదు చర్చిలున్నాయి. అయిదింటికీ తలుపులు బిగించింది నేనే. అన్నీ ఒక్క సంఘంలోంచి వచ్చినవే కదా! ఒకటి పాటల దగ్గర విడిపోయింది. ఒకటి ఆడవాళ్ళ ముసుగు దగ్గర విడిపోయింది. ఒకటి ఎందుకు విడిపోయిందో అందులోవాళ్ళకే గుర్తులేదు. ఇప్పుడు ఆరోది అవసరమా?”

“మాది ఆరోది కాదు. మాదే అసలుది,” అన్నారు అన్నా, భార్యా ఒక్క గొంతుతో.

ఇక మాటలతో పని కాదని అతనికి అర్థమైంది. వీళ్ళు పంతం కొద్దీ అంటున్నారు గానీ, రంపం పళ్ళు చెక్కలో దిగితే ఎవరో ఒకరి ప్రాణం విలవిల్లాడకపోదు, ‘వద్దు, మీరే తీసుకోండి’ అనకపోరు అనుకున్నాడు. టేపు లాగి కొలిచాడు. గీత గీశాడు. రంపం ఆనించి, తలెత్తి అందరి ముఖాలూ ఒక్కసారి కలియజూశాడు. అరవై మంది దాకా ఉన్నారు.

మెల్లగా లాగాడు. చెక్క కీచుమంది. ఎర్రటి పొట్టు రాలింది.

“కింద ఏదైనా పరవండర్రా, నేలంతా పాడవుతోంది,” అంది భార్య.

ఇంకోసారి లాగాడు. అన్న వంగి, ఒక కన్ను మూసి గీత వెంట చూశాడు. “వంకర పోతోంది, చూసుకో.”

వడ్రంగి రంపాన్ని మళ్ళీ గీత మీదికి సరిచేశాడు. నాలుగు నెలలుగా అన్న పిల్లలు అతని గడప తొక్కలేదు. తన పిల్లలు ఆ ఇంటి వైపు చూస్తే భార్య ఊరుకోదు. ఈ బల్ల ఒక్కటీ నిలబడి ఉంటే ఏదో ఒక ఆదివారం అందరూ మళ్ళీ దీని చుట్టూ చేరతారని, ఎక్కడో ఏ మూలో చిన్న ఆశ ఉండేది. ఇప్పుడు దాన్ని తన చేత్తోనే కోస్తున్నాడు. రంపం అంగుళం లోపలికి దిగింది. ఎవరూ వద్దనలేదు.

“ఆగరా!”

వెనక నుంచి కేక. అందరూ గిరుక్కున తిరిగారు. ఆడవాళ్ళ మధ్య నుంచి అన్నదమ్ములిద్దరి అమ్మ లేచి వస్తోంది. బెంచీ తర్వాత బెంచీ పట్టుకుంటూ, ఆయాసపడుతూ వస్తోంది. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. అన్న తల దించుకున్నాడు. భార్య పైట సర్దుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

వడ్రంగికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. రంపం బయటికి లాగి కింద పెట్టేశాడు. కన్నతల్లి కదా, చూస్తూ ఎలా ఊరుకుంటుంది అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

అమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. కోత పడ్డ చోట వేళ్ళు పెట్టి తడిమింది. పెద్దకొడుకు ముఖంలోకీ, కోడలి ముఖంలోకీ చూసింది.

“చెప్పమ్మా,” అన్నాడు వడ్రంగి. “నువ్వైనా చెప్పు వీళ్ళకి.”

“గిన్నైనా గ్లాసైనా నిలబడి పుచ్చుకోవడమే తప్పు నాయనా. మోకాళ్ళూనేవాళ్ళం తొమ్మిది మందిమి వేరు పడుతున్నాం, మూడు ముక్కలు చెయ్యి.”