అడ్రసు పక్కన రాసింది

శని, ఆదివారాలు స్నేహితురాళ్ళతో విశాఖ బీచికి వెళ్తానని బెజవాడ హాస్టలు నుంచి మా అమ్మాయి రిబ్కా రాస్తే నేను ఒప్పుకోలేదు. "సముద్రమే చూడాలనుంటే దివిసీమలో మీ అత్త ఉంది, అక్కడికి పో" అని జవాబు రాశాను. ఆ శనివారమే ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చేసింది.

హాస్టల్లో అడిగిస్తే శనివారం వెళ్ళిన పిల్ల ఇంకా రాలేదన్నారు. ఆరు రోజులు మా తిరువూరు బస్టాండులోనే ఉన్నాను. బెజవాడ బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళ మొహాలు చూశాను.

"నీ చేత్తోనే రాసి పంపావు గదయ్యా పిల్లని!" అని ఇంటిది నన్ను తిట్టి ఏడ్చింది.

ఏడోరోజు కార్డు వచ్చింది. వాకిట్లోనే కూడబలుక్కుని చదివాను.

"నాన్నా, నీ మాట వినలేదు, కొట్టినా పడతాను. విశాఖ వచ్చేశాం. అలల్లో తడిశాం, గుర్రం ఎక్కాం, ఫొటో దిగాం."

నా తల్లే! నా బంగారు తల్లే! మాట వినని కూతుర్ని ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం! పోస్టుమాన్‌ని కావలించుకుని నోట్లో బెల్లం ముక్క పెట్టాను. వీధిలో వాళ్ళందర్నీ కేకేసి పిలిచాను.

పోస్టుమాన్ కార్డు తిప్పి చూశాడు. "చోటు చాలక అడ్రసు పక్కన ఇంకా రాసింది పెద్దాయనా."

"నువ్వే చదువు బాబూ, అందరూ వింటారు!"

"నేను వస్తానని అత్తకి కబురు పెట్టే ఉంటావు. పాపం, బస్సు దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. రావట్లేదని నువ్వే చెప్పు నాన్నా."

ఆరు రోజులు ఏడ్చాను. మా చెల్లెలు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.