దిగనంటున్న షేరు

"బిజీ" అంది యంత్రం.

సర్వర్ సారు నిట్టూర్చాడు. వెనకాలే నిలబడ్డ మేనేజరు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"మళ్లీనా? ప్రతి శుక్రవారం ఇదేం గోలయ్యా!"

"ఎవరో ఏదో ఫైలు మూయకుండా వదిలేసినట్టున్నారండీ."

బడిపిల్లల అట్లాసులు తయారుచేసే ఆఫీసు అది. పాత పటాలన్నీ మూలగదిలోని ఒక ముసలి కంప్యూటర్లో ఉంటాయి. అందులోని ఫోల్డరును, అందరూ పనిచేసే యూనిక్స్ యంత్రానికి నెట్‌వర్క్ మీదుగా తగిలించడాన్ని మౌంట్ అంటారు. తీసేయడాన్ని అన్‌మౌంట్ అంటారు. ఆఫీసు భాషలో చెప్పాలంటే షేరును ఎక్కించడం, దించడం. వారానికోసారి దాన్ని దించి, ముసలిదాని డిస్కు క్షేమంగా ఉందో లేదో చూసి, మళ్లీ ఎక్కించాలి. అయితే ఆఫీసు మొత్తంలో ఏ ఒక్కరు అందులో ఒక్క ఫైలు తెరిచి ఉంచినా, యంత్రం ససేమిరా దించనివ్వదు.

ఈ వ్యవహారమంతా చూసుకునేవాడు కాబట్టి అతన్ని అందరూ సర్వర్ సారు అంటారు. కొత్తలో ఒకరిద్దరు ఆ మాట విని, రెండు కాఫీలు తెమ్మని కూడా చెప్పారు.

ఈ శుక్రవారం సంగతి వేరు. పటాలన్నీ కొత్త సర్వర్లోకి చేరిపోయాయి. ముసలిదాన్ని పట్టుకుపోవడానికి పాత సామాన్ల వ్యాను వచ్చి గుమ్మంలో ఆగింది. షేరు దిగితే చాలు, వైర్లు పీకి పంపించేయడమే.

"బలవంతంగా దించెయ్యి" అన్నాడు మేనేజరు.

"ఎవరైనా సేవ్ చేసుకోకపోతే పొద్దుట్నుంచి చేసిన పనంతా గాల్లో కలిసిపోతుందండీ."

"పోనీ, ఆ మహానుభావుడెవరో తెలుసుకునే దారి లేదా?"

"ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగొస్తానండీ. అదే మర్యాద."

"నీ మర్యాద తగలెయ్య! వ్యానువాడు విసుక్కుని వెళ్లిపోయేలా ఉన్నాడంటే నేనే వచ్చి వైరు పీకేస్తాను. తర్వాత ఈ పని బయటి కంపెనీకి అప్పజెప్పేస్తాను. ఆపైన నీ ఇష్టం."

సర్వర్ సారు గబగబా మెట్లెక్కాడు.

మొదటి అంతస్తులో అకౌంట్స్ చూసే పెద్దావిడ ఉంటుంది. ఆఫీసు మొత్తానికీ ఆవిడ పిన్నిగారే.

"షేరు దిగడం లేదు పిన్నిగారూ" అన్నాడు గుమ్మంలోంచే.

"షేర్లు దిగకపోతే మంచిదే కదా నాయనా?"

"ఆ షేర్లు కాదండీ. పాత పటాల ఫోల్డరు. మీరేమైనా తెరిచి ఉంచారేమోనని."

"నాకెందుకూ ఆ పటాలు? పని ఎప్పుడో అయిపోయింది. కంప్యూటరు మీద గుడ్డ కూడా కప్పేశాను, చూడు."

గుడ్డ ఎత్తి చూడలేదతను. తలూపి, పై మెట్టెక్కాడు.

రెండో అంతస్తులో ప్రూఫులు దిద్దే బావా బావమరుదులున్నారు. ఎదురెదురు బల్లలు. ఏళ్ల తరబడి ఒకే వాదన, రోజుకో విషయం మీద.

"మా బావదే అయ్యుంటుంది సారూ. ఆయన ఇంట్లో కుళాయి కూడా కట్టడు."

"నా కుళాయి సంగతి నీకెందుకురా? ముందు నీ కంప్యూటరు చూపించు సారుకి!"

తగువు తేలేదాకా ఆగలేదు సర్వర్ సారు. అప్పటికే మూడో అంతస్తు మెట్ల మీద ఉన్నాడు.

అక్కడ, కిటికీ పక్క బల్ల దగ్గర, నదుల మేడమ్ కూర్చుని ఉంది. అట్లాసులోని నదులన్నీ ఆమె చేతిలోంచే పారతాయి కాబట్టి ఆ పేరు. ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది.

"రండి. అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ కూడా నేనేనా దొంగని?"

"అబ్బే, మీరేనని కాదండీ. ఒకసారి చూసి పోదామని."

కూర్చున్నాడు. ఆమె కంప్యూటర్లో తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు. తొందరేమీ పడలేదు. చూస్తూ చూస్తూ ఒక పటం దగ్గర ఆగాడు.

"ఈ నది పోయిన వారం ఇటు తిరిగింది కదండీ?"

"కొత్త సర్వే వచ్చింది. కాస్త పక్కకి జరిపాను."

"పాపం, ఒడ్డున ఊళ్లుంటాయేమో!"

"వాళ్లకి తెలియకుండా జరిపాన్లెండి."

ఇద్దరూ నవ్వారు. కింద వ్యాను హారన్ మోగింది. మేనేజరు గొంతు మెట్ల మీదుగా పైదాకా వచ్చింది.

"దొరికాడా?"

"చూస్తున్నానండీ!" అని కేకేసి, లేచాడు సర్వర్ సారు. లేచాడే గానీ వెంటనే కదల్లేదు.

"మీ దగ్గర కూడా ఏం లేదండీ. అయినా ఇవాళ్టితో మీకీ బాధ తప్పిపోతుంది. కొత్త సర్వర్ని వారం వారం దించక్కర్లేదు. ఇక నేను... మిమ్మల్ని పని మధ్యలో విసిగించను."

ఆమె తెర మీద నది వంపు సరిచేస్తోంది.

మళ్లీ హారన్. "వైరు పీకేస్తున్నానయ్యోయ్!" అన్న అరుపు.

అతను గుమ్మం దాకా వెళ్లాడు. నదుల మేడమ్ తెర మీంచి చూపు తిప్పకుండానే పిలిచింది.

"ప్రతి శుక్రవారం మీ కంప్యూటర్లో మీరే తెరిచి పెట్టుకుంటున్న ఆ ఒక్క ఫైలూ మూసేయండి చాలు, వచ్చే శుక్రవారం నుంచి ఏ సాకూ లేకుండానే వద్దురుగాని."