టేపుకు రెండో కొస

తెల్లవారితే కరెంటు ప్లాంటు బొగ్గు బూడిద పోసిన చెరువు మీద ప్లాస్టిక్ పరదా పరిచి మట్టి కప్పేస్తారు. ఆ రాత్రి బూడిదలోకి దింపిన గొట్టాల్లో నీటిమట్టం చివరిసారి కొలిచి, ఇక ప్రమాదం లేదని చెప్పాల్సింది బ్రోన్విన్. కిందటి చలికాలం ఇదే బూడిద ఆమె తమ్ముడు క్లెమ్‌ను బుల్‌డోజరుతో సహా మింగింది. బండి దొరికింది. మనిషి దొరకలేదు. ఆ అక్క నోటితోనే ఆ మాట అనిపించుకోవాలని కంపెనీకి ఏం సరదానో!

గట్టిపడ్డ బూడిద మీద నడిచి వెళ్లి, చెరువు నడిమధ్య గొట్టంలోకి కొలత టేపు వదిలింది. అడుగు తగిలి టేపు వదులైంది. అంతలో కింది నుంచి ఎవరో రెండుసార్లు లాగారు.

గాలి హోరులో మాట వినబడని చోట అక్కాతమ్ముళ్లు ఇలాగే కొలిచేవారు. క్లెమ్ అవతలి కొస పట్టుకుని రెండుసార్లు లాగేవాడు. నేను పట్టుకున్నాను, ఇక నువ్వు రా అని.

సూపర్‌వైజరు గార్త్‌కు ఫోన్ చేసింది.

“కింద క్లెమ్ ఉన్నాడు. రేపొక్కరోజు ఆపించు గార్త్, నీ కాళ్లు పట్టుకుంటా.”

“బూడిద సర్దుకుంటోంది తల్లీ, అంతే. ఏడాదైపోయింది. ఇంటికెళ్లి ఇంత టీ తాగి పడుకో.”

“సర్దుకునే బూడిద రెండేసిసార్లు లాగుతుందా?”

అవతల గార్త్ కుర్చీ జరిపి లేచిన చప్పుడు.

“ముందు నువ్వు గట్టు మీదికొచ్చెయ్. పరిగెత్తకు. మెల్లగా రా.”

గట్టు కింద కప్పల బెకబెకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. గడ్డి మేస్తున్న కంగారూలు తలలెత్తి ఆమె కాళ్ల వైపు చూశాయి. బూట్ల కింద రాయిలా ఉన్న బూడిద గంజిలా మెత్తబడుతోంది. టేపు మళ్లీ రెండుసార్లు కదిలింది.

“వస్తున్నావా?” గార్త్ అరిచాడు.

బ్రోన్విన్ ఫోను పక్కన పెట్టి, గొట్టం మీదికి వంగింది.

“వస్తున్నాన్రా,” అంది లోపలికి.