చివరి అంకె

"ఇది బెయిలు ఆఫీసు కాదురా, నా కొంప!" అంది ఫోన్లో ముసలి గొంతు.

హార్లన్‌కి ఒళ్ళు మండింది.

కారు వెనక దీపం పగిలిందని పొద్దున పోలీసులు ఆపారు. పాత జరిమానా కేసులో వాయిదాకి రాలేదని కౌంటీ జైలుకి తెచ్చి పడేశారు. సెల్‌ఫోన్ లాక్కున్నారు. నంబర్లన్నీ అందులోనే. తోడబుట్టిన అక్క నంబరు కూడా నోటికి రాదు.

మిగిలింది జైలు గోడకున్న ఫోను. దాని పక్కన పెయింటుతో ఓ ప్రకటన: 'మాడక్స్ బెయిలు. చిటికెలో విడుదల.' కింద నంబరు. ఫీజు పుచ్చుకుని బెయిలు కట్టే వ్యాపారి.

మూడింటికి బడి వదులుతారు. తల్లి లేని పిల్ల కోరా, ఆరేళ్ళది, బడి మెట్ల మీద కూచుని నాన్న కోసం చూస్తుంది. ఎవరూ రాకపోతే కౌంటీ పిల్లల శాఖ వాళ్ళు పట్టుకుపోతారు. వాళ్ళ చేతిలో పడ్డ పిల్లని మళ్ళీ తెచ్చుకోవాలంటే ఎన్ని కోర్టులెక్కాలో!

"మాడక్స్ లేడా?"

"వాడూ లేడు, వాడి తాతా లేడు. జైలు ఫోను ఎత్తినందుకు డబ్బు కట్టేది నేను, తెలుసా? పెళ్ళాం పిల్లలున్నారా నీకు?"

"నీకెందుకు?"

"అడిగినదానికి చెప్పు."

"మూడింటికి నా కూతుర్ని బడి నుంచి తేవాలి ముసలమ్మా! మా అక్క వెర్నీస్ ఆ కోళ్ళ ఫ్యాక్టరీలో చస్తోంది, దానికి కబురు చెప్పే దిక్కు లేదు. నువ్వేమో నా పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నావ్!"

"అరవకు. ఏ బడి?"

"వీలర్ వీధి బడి. ఏం, నువ్వెళ్ళి తెస్తావా?"

"నీ పేరేంట్రా బుద్ధిలేనోడా?"

"హార్లన్ టిబ్స్! రాసి పెట్టుకో, నా సమాధి మీద చెక్కిద్దువు గాని!"

ఠక్కున పెట్టేసింది.

మళ్ళీ చేశాడు. ఎంగేజి. మళ్ళీ చేశాడు. ఎంగేజి.

రిసీవరు గోడకేసి కొట్టాడు.

కమ్మీల వెనక ఓ బట్టతలాయన కిసుక్కున నవ్వాడు. "తిట్లు పడ్డాయిగా? ఇంక కూచో."

వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది హార్లన్‌కి.

సాయంత్రానికి బెయిలొచ్చింది. బయట అక్క కారు. వెనక సీట్లో కోరా, మూతి నిండా పీచ్ పండు రసంతో.

"జైలు నుంచి ఒకావిడ ఫ్యాక్టరీకి ఫోన్ చేసిందిరా," అంది వెర్నీస్. "ఆఫీసరు కాబోలు, ఒకటే దబాయింపు. ముందు పిల్లని తెచ్చుకోమంది. తర్వాత టైర్ల కొట్టు వెనక మిసెస్ పూల్ దగ్గరికి పొమ్మంది. ఆవిడకి బెయిలు కట్టే లైసెన్సుందట. బెయిలు మొత్తంలో పదోవంతు ఆవిడ ఫీజు, అది మళ్ళీ రాదు. తాకట్టేం అక్కర్లేదు, పూచీ సంతకం నాది. నువ్వు వాయిదా ఎగ్గొట్టావనుకో, మొత్తం నా నెత్తిన పడుద్ది. అంచేత నీ చెవి మెలేసి చెప్పమంది."

"ఈ జైల్లో అంత మంచి ఆఫీసరు కూడా ఉందా!"

వీధికి అవతల మాడక్స్ ఎర్ర బోర్డు వెలుగుతోంది. నంబరులో చివరి అంకె ఏడు.

లోపల గోడమీదున్న అంకె మాత్రం ఒకటి.

హార్లన్ పళ్ళు నూరాడు. తనూ బోర్డులు రాసి బతికేవాడే. "ఎవడో అడ్డగాడిద రాసిన ఒక్క అంకెకి నా పిల్ల వీధిన పడేది. ఆ ముసల్దాని పెడసరం ఒకటి!"

వాయిదాకి వెళ్ళాడు, జరిమానా కట్టాడు. అటునుంచటే పెయింటు డబ్బాతో జైలుకొచ్చాడు.

"ఊరికే రాసిపెడతావా?" అన్నాడు జైలరు. "కానియ్. ఫోన్లు రావట్లేదని మాడక్స్ కూడా సణుగుతున్నాడు."

దగ్గరికెళ్ళి చూశాడు. తప్పు రాయలేదు. ఏడే రాశారు. మిగతా అంకెలన్నీ నిగనిగలాడుతున్నాయి, ఏడు తలమీది గీత ఒక్కటే అరిగిపోయింది.

"నాసిరకం పెయింటు," అని కుంచె ముంచాడు.

"ఒరే, దాన్ని ముట్టుకోకు!" బట్టతలాయన కమ్మీలు పట్టుకుని ఊపాడు. "చేతులిరగ్గొడతా!"

"నోర్ముయ్. ఆ ముసల్దాని తిట్లు ఇంకెవడూ తినక్కర్లేదు."

నల్లగా, దిట్టంగా ఏడు దిద్దాడు. ఆరాక, ఇంకెవరూ పాడుచెయ్యకుండా జైలరు దానిమీద మందపాటి ప్లాస్టిక్ పలక పెట్టి మరలు బిగించాడు.

అప్పుడే ఓ కొత్తవాణ్ణి తోసుకొచ్చారు. మీసాలు సరిగా రాని కుర్రాడు. గోడమీది నంబరు చూసి నొక్కాడు.

ఒక్క రింగుకే ఎత్తారు.

హార్లన్‌కి కడుపు చల్లబడింది.

"మాడక్స్ గారా అండీ? పూచీకి ఇల్లా? మా అమ్మ పేరు మీద ఉందండీ... కాగితాలు తెస్తుందండీ... ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుందండీ సంతకం."

కుంచె తుడుస్తున్న హార్లన్ చెయ్యి ఆగింది.

"మా అమ్మా అట్టాగే పెట్టింది," అన్నాడు బట్టతలాయన. "బస్సు తప్పిపోయి ఒక్క వాయిదాకి వెళ్ళలేకపోయా. మాడక్స్ ఇల్లు లాక్కున్నాడు. ఇప్పుడు అమ్మ మా చెల్లెలి వసారాలో పడుకుంటోంది."

హార్లన్ బిగించిన పలక కేసి చూశాడు.

"నీ పిల్లని బడి నుంచి తెమ్మని ఎవరు చెప్పార్రా?"

"జైలు నుంచి... ఒకావిడ..."

"ఈ జైలు నుంచా?"



బట్టతలాయన కమ్మీల్లోంచి చెయ్యి చాపాడు. బొటనవేలి గోరు కండదాకా అరిగి ఉంది.

"ఫోన్ చేసుకునే వంతు వచ్చినవాడల్లా కాస్త కాస్త గీకి ఆ ఏడుని ఒకటి చేశాంరా, తర్వాత వచ్చేవాడి ఫోను ఆ ముసలావిడకే పోవాలని."