పిడికెడు యూరియా

మా ఇంట్లో నాన్న, వాళ్లమ్మ జేజి, నేను, మా పొలం మట్టి గొంతు ఉన్నాము. ఇప్పుడు ఊళ్లో ప్రతి పొలానికీ గొంతుంది. మట్టి సంగతి చెప్పే పెట్టెను ఇంట్లో బిగించిన రోజు దానిలో ఎవరు మాటలు చెబితే వాళ్ల గొంతే ఉండిపోతుంది. మాది అమ్మ గొంతు. అమ్మ పోయి రెండేళ్లయింది.

మట్టిలో నత్రజని తగ్గినా ఎక్కువైనా, మీట నొక్కితే పెట్టె చెబుతుంది. సరిగ్గా ఉంటే నొక్కినా మాట్లాడదు. అందుకే నేను టమాటా మొదళ్లలో పిడికెడు యూరియా చల్లాను. మాది ఇసుక నేల. నీళ్లు పెట్టగానే ఎరువు కిందికి దిగిపోయి అమ్మ మాట ఆగిపోయేది. మళ్లీ చల్లేదాన్ని.

చెట్లు నా నడుమెత్తు పెరిగాయి. పూత మాత్రం రాలేదు.

“ఇది టమాటా తోటనా, ఆకుకూర మడినా?” అంది జేజి.

“యూరియా ఎవురు ఏసినారు? ఈసారి ఒక్క కాయ గూడా రాదు!” అని నాన్న అరిచాడు.

“నేనే నాన్నా. మట్టి బాగుంటే అమ్మ మాట్లాడదు కదా.”

నాన్న తిట్టలేదు. పెట్టె ఉన్న గదిలోకి వెళ్లి మీట నొక్కాడు.

“ఏమయ్యా, యూరియా ఎక్కువైపోయింది. ఇంక చాల్లే,” అంది అమ్మ గొంతు.

“ఇంగొకసారి చెప్పు,” అన్నాడు నాన్న మెల్లగా, మళ్లీ నొక్కుతూ.

గడప దగ్గర నన్ను చూసి తలుపు మూసేశాడు.