కెప్టెన్ గారి పలకరింపు

బూట్ల షాపు ప్రారంభానికి ఎగబడ్డ జనాన్ని చూస్తుంటే కెప్టెన్ గారి భార్యకు ఒళ్ళు మండుతోంది.

చెమట, సెంటు, మార్కర్ పెన్నుల వాసన. ఒకడు సంతలో ఎద్దును చూసినట్టు కెప్టెన్ మోకాలు తడుముతున్నాడు. ఇంకొకడు ఆయన మెడ చుట్టూ చెయ్యేసి, పళ్ళన్నీ బయటపెట్టి ఫోటో దిగుతున్నాడు.

దేశం తరఫున పదమూడేళ్ళు ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డులో ఆడాడాయన. తను గోల్ కొట్టడం కన్నా పక్కవాడి చేత కొట్టించడమే ఆయనకు సరదా. ఆట మానేసి ముప్పై ఏళ్ళయినా జనం వదల్లేదు. ఇప్పుడైతే ఆట కన్నా ఆయన పలకరింపుకే పేరెక్కువ.

"ఎన్నాళ్ళకు కనబడ్డారండీ! ఇంట్లో అందరూ బాగున్నారా?"

వరసలో ఎవరొచ్చినా రెండు చేతులూ పట్టుకుని అదే మాట, అదే నవ్వు. విన్నవాడు వెన్నలా కరిగిపోతున్నాడు. "నన్ను గుర్తుపట్టాడ్రా!" అని పక్కవాడి వీపు చరుస్తున్నాడు. ఒకావిడ చంకలోని పసిపిల్లను కూడా ఆయన అలాగే అడిగేసరికి, షాపంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

గోడవారగా కూర్చున్న ఆయన భార్యకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దున కొత్త చొక్కా తొడిగి, బూట్ల లేసులు బిగించి, పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి తెచ్చింది తనే. అది తలుచుకుంటే తన మీద తనకే రోత పుడుతోంది.

మాంసం కొట్టు యజమాని వంతు వచ్చింది. ఆమె అతన్ని ఇట్టే పోల్చుకుంది. ఈయన కొట్టిన పెనాల్టీ గురి తప్పి దేశం ఓడినప్పుడు, వాళ్ళ గేటు మీద చెత్త కుమ్మరించి బూతులు తిట్టినవాళ్ళలో ముందున్నది అతనే. కెప్టెన్ అతని చేతులూ పట్టుకున్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అన్నాడు.

అతను బావురుమన్నాడు.

"ఎంత పెద్ద మనసమ్మా ఈయనది! అవన్నీ మరిచిపోయాడు!"

ఆమె మొహం తిప్పుకుంది.

ఈ ఏర్పాట్లన్నీ ఆమె మరిదివి. పొద్దుట్నుంచీ అన్న మోచెయ్యి వదలనివాడు, సందు చూసుకుని వచ్చి ఆమె పక్కన వంగాడు.

"వదినా, వచ్చే నెల ఇంకో నాలుగు షాపులవాళ్ళు పిలుస్తున్నారు. సరే అననా?"

"ఇవాళ్టితో సరి. నా మనిషిని నాకొదిలెయ్."

"ఇంట్లో ఏముంది వదినా, గోడలు చూస్తూ కూర్చోడమేగా! ఇక్కడ చూడు, ఎలా వెలిగిపోతున్నాడో!"

"వెలిగేది నీ మొహం. చీమల్లా పట్టి పీక్కుతింటున్నారు. నువ్వు దగ్గరుండి వడ్డిస్తున్నావు."

మరిది గతుక్కుమన్నాడు. "సరే, నీ ఇష్టం. తీసుకెళ్ళు" అన్నాడు గొణుగుతూ.

అంతలో ఎవరో బంతి దొర్లించారు. కెప్టెన్ పాదం దాన్ని మెత్తగా ఆపింది. రెండు కుర్చీల సందులోంచి, అన్ని కాళ్ళనూ తప్పించి, సరిగ్గా ఆమె కాళ్ళ దగ్గరికి పంపింది. షాపంతా ఈలలు.

ఆమె గుండె ఝల్లుమంది. పెళ్ళికి ముందు, మైదానం కంచె పక్కన తను నిలబడితే ఇలాగే పంపేవాడు. వెళ్ళి తెచ్చుకునే నెపంతో రెండు మాటలాడి పోయేవాడు.

బంతి చేత్తో పట్టుకుని లేచింది. జనాన్ని తోసుకుంటూ ఆయన ముందుకు వెళ్ళి, "ఇక చాలు, పదండి, మనింటికి పోదాం" అంటూ చెయ్యి చాచింది.

నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్న భార్య చేతిని ఆయన రెండు చేతులతోనూ ఆప్యాయంగా పట్టుకుని, "ఎన్నాళ్ళకు కనబడ్డారండీ! ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నాడు.